విచ్ఛిన్నకారులపై విచారణ

దివిసీమలో మోపిదేవి వెళ్ళే దారి పక్కనున్న తూములపాలెం ప్రాథమికోన్నత పాఠశాల వెనక విచ్ఛిన్నకారులు భారీ సంఖ్యలో తలదాచుకుంటున్నారన్న సమాచారం అందిన వెంటనే యంత్రాంగం మెరుపు వేగంతో స్పందించి, వాళ్ళను సమూలంగా నిర్మూలించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ చర్యలో ప్రాణనష్టం అపారం. అయితే పోయినవారిలో ఓటర్లెవరూ లేనందువల్ల ప్రజలు ఆందోళన చెందాల్సిన అవసరం రాలేదు.

ఇదంతా ఒక సైన్సు పాఠంతో మొదలైంది. ఆ బడిలో సైన్సు చెప్పే రాజకుమారి టీచర్ తోట్లవల్లూరు దగ్గర ఏటి ఒడ్డు ఊళ్ళో పుట్టి, పసుపు తోటల్లో తిరిగి పెరిగిన మనిషి. పిల్లలంటే ప్రేమ, పనిలో శ్రద్ధ, గొంతులో స్పష్టత అన్నీ ఉన్నాయి. ఒక్కటే లోపం. చెప్పిన పాఠం పిల్లలకు అర్థం కావాలనుకుంటుంది. హెడ్మాస్టారు కోటేశ్వరరావు గారు ఆమెకు చాలాసార్లు నచ్చజెప్పి చూశారు. "పాఠం పూర్తి కావాలమ్మా. అర్థం కావడమనేది వాళ్ళ వాళ్ళ అదృష్టాన్ని బట్టి ఉంటుంది" అనేవారాయన. ఆమె వినలేదు.

కోటేశ్వరరావు గారికి శుభ్రత ప్రాణం. బడి ఆవరణలో సగం దాకా సిమెంటు చేయించారు. మిగతా సగం మట్టిగా ఉండిపోయినందుకు వచ్చినవాళ్ళందరికీ క్షమాపణ చెప్పేవారు. బాదం చెట్టు ఆకు రాలిస్తే అది చెట్టు క్రమశిక్షణారాహిత్యంగా భావించేవారు. అలాంటి పెద్దమనిషి గదిలోకి రాజకుమారి టీచర్ వెళ్ళి, వంటషెడ్డు వెనక ఒక గొయ్యి తవ్వించి అందులో చెత్త వేసి కుళ్ళబెడతానని అనుమతి అడిగితే ఆయనకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆయన చాలాసేపు ఆలోచించి, గొయ్యి రోడ్డు మీదికి కనిపించకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. కనిపించని చెత్త చెత్త కాదని ఆయనకే కాదు, దేశంలో అందరికీ తెలుసు.

ఏడో తరగతి పిల్లలు గొయ్యి తవ్వారు. ఎవరికి దొరికింది వాళ్ళు తెచ్చి వేయాలన్నది టీచర్ చెప్పిన నియమం. కొందరు అరటి తొక్కలు తెచ్చారు. సముద్రం మీద వేటకు వెళ్ళే ఇంటి పిల్లాడు చేప తలకాయ తెచ్చాడు. పాస్టరుగారమ్మాయి బ్లెస్సీ మట్టల ఆదివారం నాడు గుడిలో ఊపి దాచుకున్న ఎండు మట్ట తెచ్చింది. హారిక మాత్రం ఇంట్లో మోటారు మీద కప్పిన ఫ్లెక్సీలోంచి ఒక ముక్క కత్తిరించి తెచ్చింది. ఆ ముక్క మీద వాళ్ళ నాన్న రాంబాబు గారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి నవ్వుతున్నారు. ఆయన చేపల చెరువుల ఆసామి, బడి కమిటీ ఛైర్మన్. ఆయన పుట్టినరోజుకు వేసిన ఫ్లెక్సీలతో ఊళ్ళో గడ్డివాములన్నీ, గేదెల పాకలన్నీ సురక్షితంగా ఉన్నాయి.

అన్నీ గోతిలో వేసి మట్టి కప్పాక టీచర్ అసలు పాఠం చెప్పింది.

"మనం పారేసింది వాళ్ళు తింటారు. తిని మట్టికి బలం ఇస్తారు. మట్టి వరికి పెడుతుంది, వరి మనకి పెడుతుంది. వాళ్ళే లేకపోతే, రాలిన ప్రతి ఆకూ, చచ్చిన ప్రతి చేపా ఎక్కడివక్కడే పడుంటాయి. మనం నిలబడటానిక్కూడా చోటుండదు."

"ఎవరు టీచర్ వాళ్ళు?" అంది బ్లెస్సీ.

"వానపాములు, రోకలిబండ పురుగులు, బూజు, పుట్టగొడుగులు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వీళ్ళందరినీ కలిపి విచ్ఛిన్నకారులంటారు."

పుస్తకంలో ఉన్న మాటే అది. పిల్లలకు నోరు తిరగడానికి కొంచెం సమయం పట్టింది గాని, తిరిగాక వదల్లేదు.

"పురుగుల్ని పట్టుకుని వాళ్ళు, వీళ్ళు అంటారేంటి టీచర్?" అని హారిక అడిగింది.

"మనకింత చాకిరీ చేసేవాళ్ళని అది, ఇది అంటే బాగుంటుందా?" అని టీచర్ నవ్వింది.

ఆ నవ్వుకు, ఆ గౌరవవాచకానికి ఫలితంగా తర్వాత పోలీసు జీపు వచ్చింది.

వానలు పడ్డాయి. పిల్లలు రోజూ మధ్యాహ్న భోజనం అయ్యాక కూర తొక్కలూ గుడ్డు పెంకులూ తీసుకెళ్ళి గోతిలో వేసి, గుప్పెడు మట్టి చల్లి వచ్చేవారు. ఒకరోజు టీచర్ గొయ్యి తవ్వి చూపించింది. అరటి తొక్కలు లేవు. చేప తలకాయ ఉన్నచోట నాలుగు ముళ్ళు మిగిలాయి. బ్లెస్సీ మట్ట నల్లబడి వేళ్ళ మధ్య పొడిపొడి అయిపోయింది. పిల్లలు ముక్కులు మూసుకుని వంగారు, తర్వాత మెల్లగా వేళ్ళు తీశారు. కంపు లేదు. తొలకరి పడ్డప్పుడు పొలంలోంచి వచ్చే వాసన. హారిక అరచేతిలోకి ఒక వానపాము ఎక్కి, తనకేదో పని ఉన్నట్టు హడావిడిగా అటూ ఇటూ తిరిగింది. హారిక దాన్ని తిరిగి మట్టిలో పెట్టి, "వెళ్ళండి, వెళ్ళండి. మీ పని మీరు చూసుకోండి" అంది.

గోతి అడుగున రాంబాబు గారు మాత్రం ఉన్నవారు ఉన్నట్టే, కళ్ళద్దాలతో సహా, చేతులు జోడించి నవ్వుతూ ఉన్నారు.

ఆ సాయంత్రం హారిక అన్నం తింటూ ఈ శుభవార్త ఇంట్లో చెప్పింది.

"నాన్నా, మా బడెనకాల విచ్ఛిన్నకారులున్నారు. రోజూ మేమే తిండి పెడతన్నాం."

రాంబాబు గారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఎవరే?"

"విచ్ఛిన్నకారులు నాన్నా. చాలామంది ఉన్నారు. పైకి కనిపించరు, లోపల్లోపలే పని చేసుకుంటారు. టీచర్ గారు వాళ్ళు చాలా మంచోళ్ళన్నారు. వాళ్ళు లేకపోతే మనం లేవంట."

"ఏం చేస్తారే వాళ్ళు?"

"ఏదిచ్చినా ముక్కలుముక్కలు చేసేస్తారు. నీ ఫోటో కూడా పాతిపెట్టాం. కానీ నిన్నేమీ చెయ్యలేకపోయారు."

హారిక తల్లి కనకదుర్గ, "ఏంటో పిల్లలు ఏదో చెబుతున్నారు, సరిగ్గా కనుక్కోండి" అంది. ఇలాంటి వేళ సరిగ్గా కనుక్కోవడమంటే సమయం వృథా చేయడమేనని గ్రహించిన రాంబాబు గారు చెయ్యి కూడా కడుక్కోకుండా ఫోను తీశారు. ఊరి వాట్సాప్ గ్రూపులో "బడిలో విచ్ఛిన్నకారులు" అని పెట్టారు. అది అవనిగడ్డ చేరేసరికి వాళ్ళకు శిక్షణ ఇస్తున్నారు. గుడివాడ చేరేసరికి వాళ్ళు సముద్రం మీదుగా వచ్చారు. తిరిగి తూములపాలెం వచ్చేసరికి వాళ్ళ ఫోటో కూడా ఉంది. ఆ ఫోటోలో ఉన్నది ఉయ్యూరు చెరకు ఫ్యాక్టరీ దగ్గర బళ్ళ మీదినుంచి చెరకు దించుతున్న కూలీలని ఎవరో అన్నారు. అలా అన్నవాడిని గ్రూపులోంచి తీసేశారు.

మర్నాడు బందరు నుంచి విచారణాధికారి నతానియేలు గారు జీపులో, వెనక కానిస్టేబుల్‌తో దిగారు. స్టాఫ్ రూములో విచారణ మొదలైంది. కోటేశ్వరరావు గారు చెమటలు తుడుచుకుంటూ, తాను ఆ గొయ్యిని రోడ్డు మీదికి కనిపించకుండా జాగ్రత్త తీసుకున్నానని ముందే మనవి చేసుకున్నారు. ఈ వాంగ్మూలం ఆయనకు పెద్దగా ఉపయోగపడలేదు.

"ఆ విచ్ఛిన్నకారులెంతమంది మేడమ్?" అని అడిగారు నతానియేలు గారు.

"లెక్క చెప్పలేమండీ. గుప్పెడు మట్టిలోనే కోట్లలో ఉంటారు" అంది రాజకుమారి టీచర్. ఏం విచారణో ఆమెకు ఎవరూ చెప్పలేదు. సైన్సు గురించి బందరు నుంచి అధికారి వచ్చి అడగడం ఆమె ఉద్యోగంలో మొదటిసారి. అందుకని సంతోషంగా చెబుతోంది.

"నాయకుడెవరు?"

"నాయకుడుండడండీ. ఎవరి పని వాళ్ళు చేసుకుపోతారు."

నతానియేలు గారు కలం ఆపారు. నాయకుడు లేకుండా పని జరిగే వ్యవస్థను ఆయన తన సర్వీసులో చూడలేదు. 'నాయకత్వం అత్యంత గోప్యం' అని రాసుకున్నారు.

"ఎప్పుడెప్పుడు పని చేస్తారు?"

"ఎప్పుడూ చేస్తారండీ. ఆదివారాలు, పండగలు ఏమీ ఉండవు."

"అయితే మన శాఖవాళ్ళు కాదన్నమాట" అని హెడ్మాస్టారు తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు.

అందరూ గోతి దగ్గరికి వెళ్ళారు. కానిస్టేబుల్ లాఠీతో మట్టి తిరగేశాడు. ఒక వానపాము బయటికి వచ్చి, అధికారి బూటును పరిశీలించి, తనకు పనికిరాదని తేల్చుకుని వెళ్ళిపోయింది. రాజకుమారి టీచర్ ఒక్కొక్కరినీ పేరుపేరునా పరిచయం చేసింది. నతానియేలు గారి ముఖం మీద మొదట చిరునవ్వు, ఆ వెంటనే భయం కనిపించాయి. చిరునవ్వు మనిషిది, భయం ఉద్యోగిది. జీపు వచ్చింది, ఊరంతా గోడ మీదినుంచి చూస్తోంది, పై అధికారులు మాటిమాటికీ ఫోను చేస్తున్నారు. ఇప్పుడు వానపాములని రాస్తే నవ్వుతారు. ఏమీ లేదని రాస్తే ఛైర్మన్ గారిని అవమానించినట్టవుతుంది.

ఆయన రాంబాబు గారిని పక్కకు తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడారు. తిరిగి వచ్చి, "ఫిర్యాదులో వాస్తవం ఉంది. విచ్ఛిన్నకారులు ఉన్నారు. ఉన్నారు కాబట్టి తీసెయ్యాలి" అని ప్రకటించారు.

చెరువులకు వాడే బ్లీచింగ్ పౌడరు రాంబాబు గారి షెడ్డులో కావలసినంత ఉంది. మనుషులు బస్తాలు మోసుకొచ్చి గోతి నిండా, గోతి చుట్టూ, అక్కడినుంచి బడి వంటకు ఆకుకూరలిచ్చే బచ్చలి మడి దాకా, గోంగూర మొక్కల మొదళ్ళ దాకా చల్లారు. మీద ఫినాయిల్ పోశారు. వంటషెడ్డు వెనక నేల పెళ్ళిపందిరిలా తెల్లగా మెరిసింది. కోటేశ్వరరావు గారికి కళ్ళు చెమర్చాయి. ఆనందమో, ఘాటో ఆయనకే తెలియలేదు.

మట్టిలోంచి వానపాములు పైకి వచ్చాయి. మెలికలు తిరిగి, కాసేపటికి ఆగిపోయాయి. హారిక బ్లెస్సీ చెయ్యి పట్టుకుని చూస్తూ నిలబడింది.

"నేను చెప్పకపోయినా బావుండేది" అంది.

"నువ్వు మంచోళ్ళనే చెప్పావుగా" అంది బ్లెస్సీ.

హారిక ఆ రోజునుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. రాజకుమారి టీచర్‌కు మెమో వచ్చింది. పాఠం యథావిధిగా చెప్పుకోవచ్చుననీ, కాని తరగతికి విచ్ఛిన్నకారులు స్వయంగా హాజరు కారాదనీ అందులో ఉంది.

ఆ తర్వాత సన్మాన సభ జరిగింది. రాష్ట్రంలోనే మొట్టమొదటి 'విచ్ఛిన్నకార రహిత పాఠశాల' అని ధ్రువపత్రం ఇచ్చారు. గుడివాడ వైపు పాఠశాలలవాళ్ళు కొందరు, తమకు ఇంకా ఎందుకివ్వలేదని అర్జీలు పెట్టుకున్నారు. రాంబాబు గారు మైకు పుచ్చుకుని, "సోదర సోదరీమణులారా! ఆ విచ్ఛిన్నకారులు అరటి తొక్కను తిన్నారు. చేప తలకాయను తిన్నారు. ఎండు మట్టను తిన్నారు. కాని ఈ రాంబాబును తినలేకపోయారు! ఎన్నాళ్ళు మట్టిలో పెట్టినా నేను మారలేదు, మారను!" అన్నారు. చప్పట్లు మిన్నంటాయి. నేలలో ఇన్నాళ్ళున్నా నేలకు రవ్వంత ఉపయోగపడకుండా బయటపడిన మనిషిని జనం మెచ్చుకోకుండా ఎలా ఉంటారు?

విచ్ఛిన్నకారుల బెడద గురించి విద్యార్థుల తరఫున మాట్లాడమని హారికను పిలిచారు. ఛైర్మన్ గారి అమ్మాయి కదా. హారిక మైకు దగ్గరికి వెళ్ళి, "వాళ్ళు మా బడి వెనకే ఉండేవాళ్ళు. ఎవర్నీ ఏమీ అనేవాళ్ళు కాదు. నా వల్లే చచ్చిపోయారు" అని ఏడ్చేసింది.

ఇంకా పెద్ద చప్పట్లు. పాపకు మెమెంటో ఇచ్చారు. చప్పట్లు కొట్టనిది వేదిక మీద ఒక్క రాంబాబు గారే. ఆయనకు చేతులు కలవలేదు.

బడికి కీర్తి వచ్చింది, దాని వెనకే చెత్త కూడా వచ్చింది. ధ్రువపత్రానికి భంగం కలగకుండా రోజూ బ్లీచింగ్ చల్లాలని ఉత్తర్వు. కోటేశ్వరరావు గారు తూచా తప్పకుండా చల్లించారు. బాదం ఆకులు రాలినవి రాలినట్టే ఉన్నాయి. సన్మానం దండలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. బచ్చలి పసుపు రంగుకు తిరిగింది. గోంగూర తలలు వాల్చేసింది. వంట చేసే అచ్చమ్మ పప్పులో వేయడానికి ఆకు లేక, పప్పులోకి పప్పే నంజుకోవాలి అంది. కుప్ప పెరిగి పెరిగి హెడ్మాస్టారి గది కిటికీ దాకా వచ్చింది. తగలబెడితే పొగకు ఊరు తిట్టింది. కాలవలో వేయిస్తే దిగువ ఊరు కర్రలు పట్టుకుని వచ్చింది.

ఒక మధ్యాహ్నం కోటేశ్వరరావు గారు తలుపు దగ్గరగా వేసి రాజకుమారి టీచర్‌ను కూర్చోమన్నారు.

"అమ్మా, ఆ... వాళ్ళని... మళ్ళీ పిలిపించగలమా?"

"పిలిపించక్కర్లేదు సార్. మనం చంపడం ఆపితే చాలు, వాళ్ళే వస్తారు. కాస్త మంచి మట్టి తెచ్చి వేస్తే ఇంకా తొందరగా వస్తారు."

"గోడ మీద ధ్రువపత్రం ఉందిగా తల్లీ!"

ఆయన బందరుకు ఫోను చేసి స్పీకరు పెట్టారు. నతానియేలు గారు సావధానంగా విని, "ఆ పేరుతో అయితే అనుమతి కుదరదండీ. ఒకసారి నిర్మూలించినవాళ్ళు మళ్ళీ ఉండటానికి రూల్సు ఒప్పుకోవు. వేరే పేరుతో రమ్మనండి" అన్నారు. టీచర్ ఫోను వైపు వంగి, "మట్టి మిత్రులు అందామా సార్?" అంది. "రెండు 'మ'లు పడ్డాయి. పథకంలాగే ఉంది. చేసేద్దాం" అన్నారు అవతలినుంచి. ఆయన గొంతులో ఎన్నాళ్ళకో నిజమైన సంతోషం వినిపించింది.

పిల్లలు పాత గోతిలో బ్లీచింగ్ పట్టిన మట్టంతా పైకి తీసి పారబోశారు. ఎవరింటి మట్టి వాళ్ళు తెచ్చారు. గేదెల పాక పక్కది ఒకరు, గుడి వెనక కొబ్బరి చెట్ల కిందిది బ్లెస్సీ. హారిక ఇంటి దగ్గర పార పట్టుకుని తవ్వుతుంటే రాంబాబు గారు వచ్చి నిలబడ్డారు.

"ఇలా ఇవ్వవే అమ్మడూ, నేను తవ్వుతా."

హారిక ఇవ్వలేదు.

"తెలీక చేశానే. నీ పురుగులు..."

"పురుగులు కాదు. వాళ్ళు."

"సరే, వాళ్ళు. వాళ్ళకి ఏ మట్టి ఇష్టమో చెప్పు, మోసుకొస్తా."

హారిక పార ఇచ్చింది. రాంబాబు గారు పంచె ఎగ్గట్టి చెరువు గట్టు దిగువనున్న నల్లమట్టి తట్టలతో మోశారు. ఆయన మట్టి మోస్తుంటే ఫోటో తీయడానికి మనుషులు వచ్చారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నారు. ఇది మాత్రం ఎవరూ నమ్మలేదు.

శీతాకాలం వచ్చేసరికి గొయ్యి మళ్ళీ నిండింది, మళ్ళీ దిగింది. బచ్చలి పచ్చబడింది. అచ్చమ్మ పప్పులో ఆకు కనిపించింది. హారిక అరచేతిలో మళ్ళీ ఒకరు పాకారు. 'మట్టి మిత్రుల ఆదర్శ కేంద్రం' అని నతానియేలు గారే వచ్చి రిబ్బను కత్తిరించారు. విచ్ఛిన్నకారులను అంతమొందించినందుకు ఒకటి, మట్టి మిత్రులను పెంచినందుకు ఒకటి చొప్పున రెండు ధ్రువపత్రాలు ఇప్పుడు హెడ్మాస్టారి గదిలో పక్కపక్కనే ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి గొడవపడిన దాఖలాలు లేవు.

టీవీలో కూడా వచ్చాక, మోపిదేవి వెళ్ళే భక్తులు కార్లు ఆపి ఈ కేంద్రాన్ని చూసి వెళ్తున్నారు. పిల్లలు వానపామును చూపించి, నేల ఎలా బతుకుతుందో చక్కగా వివరిస్తున్నారు. వచ్చినవాళ్ళు ప్రకృతిని కాపాడుకోవాలని ఒకరికొకరు చెప్పుకుని, గోతితో సెల్ఫీలు దిగి, పిల్లల బుగ్గలు పుణికి, కార్లెక్కుతున్నారు. వాళ్ళు వెళ్ళాక గోతి చుట్టూ నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు, టిఫిను తిన్న ప్లాస్టిక్ ప్లేట్లు మిగులుతున్నాయి. ఇవెవరు తింటారు టీచర్ అని బ్లెస్సీ అడిగితే, రాజకుమారి టీచర్ వంగి ఏరడం మొదలుపెట్టింది.

మీరూ పిల్లలతో తప్పక రండి. చేతిలో ఉన్నది ఎక్కడ పడేయాలా అని మొహమాటపడకండి. మీరు వెళ్ళాక ఏరడానికి ఏడో తరగతి ఉంది.